పక్కింటి గిన్నెలో కీమా

పిల్లలు అన్నం తినకపోతే తల్లికి వచ్చే కోపం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. గోరుముద్దల గురించి చెబుతారు, చందమామ గురించి చెబుతారు. బడి నుంచి వచ్చీ రాగానే కొంగు నడుముకు దోపి, ఉల్లిగడ్డ కోసి, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ వండినదాన్ని ఒక్క "నాకొద్దు"తో పక్కకు నెట్టేస్తే ఎంత ఒళ్లు మండుతుందో మాత్రం చెప్పరు. నేను జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. క్లాసులో నేను కళ్లెర్రజేస్తే అందరూ గప్‌చుప్. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరి ముందు నా ఆటలేవీ సాగవు.

అమ్మాయికి తొమ్మిదేళ్లు. మాంసం ముక్కలో బొక్క పంటికి తగిలితే ఇక ఆ కూర ముట్టదు. కొత్తిమీర కనిపిస్తే చేనులో కలుపు తీసినట్టు ఒక్కో ఆకూ ఏరి కంచం అంచున పెడుతుంది. ఏరడం అయ్యేసరికి ఆకలి కూడా అయిపోతుంది. టమాటా తొక్క గొంతుకు అడ్డం పడుతుందట. గుడ్డు వాసనట. పాలకూర పచ్చగా ఉందట. పాలకూర పచ్చగా కాక ఇంకెలా ఉంటుంది? చిన్నోడికి ఆరేళ్లు. వాడికి సొంతంగా ఇష్టాయిష్టాలేమీ లేవు. అక్క ఏది వద్దంటే అదే వాడికీ వద్దు.

ఇదంతా పిల్లచేష్టలే అనుకుని సరిపెట్టుకునేదాన్ని. కానీ దసరా సెలవులకు ముందు ఒక రోజు బడి ప్రార్థనలో నిలబడి నిలబడి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ దాని కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉంది.

"బిడ్డకు రక్తం తక్కువున్నదమ్మా. మందు రాస్త. గని ఒక్క మందుతోని అయ్యే పని కాదు, తినాలె. గుడ్డో, కోడికూరో, ఏదన్న సరే, కడుపు నిండ తినాలె."

అప్పటి నుంచి నా కళ్లన్నీ దాని కంచం మీదే. గంటె చేత్తో పట్టుకుని ఇద్దరి ముందూ నిలబడేదాన్ని. ముద్ద నోట్లోకి పోతుందా, బుగ్గలో దాచుకుంటుందా, మంచినీళ్లతో మింగేస్తుందా, అన్నీ చూసేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత పుట్టించినవాళ్లు ఒక్కసారి మా ఇంటికి రావాలి. అడగకముందే పెట్టి, బతిమాలి, బెదిరించి, ఆఖరికి తానే కళ్లు తుడుచుకునే అమ్మను చూసిపోవాలి. వాళ్లు లేచిపోయాక, వాళ్లు వదిలేసిందేదో వంటగది గట్టు దగ్గర నిలబడి నేను తినేదాన్ని. అప్పటికి అది చల్లారి గడ్డకట్టేది.

"కీమా చెయ్యరాదు? బొక్కలుండవ్, నమిలేది ఉండదు, అల్కగ అయిపోతది" అంది బడిలో నాతో పనిచేసే టీచరు. ఫోన్‌లో వెతికితే ఒకావిడ వీడియో దొరికింది. పావుగంటలో చికెన్ కీమా అట, పిల్లలు కంచం నాకేస్తారట. ఆవిడ పక్కన ఉల్లిగడ్డ తరిగి ఒక గిన్నెలో, టమాటా తరిగి ఇంకో గిన్నెలో, మసాలాలన్నీ చిన్న చిన్న కప్పుల్లో సర్ది ఉన్నాయి. అవన్నీ సర్దిపెట్టింది ఎవరో ఆవిడ చెప్పలేదు. ఆవిడ పిల్లలు కూడా వీడియోలో ఎక్కడా కనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వస్తూ హైవే పక్కన చికెన్ దుకాణం దగ్గర ఆగాను. బొక్క లేని ముక్కలు తీసి కీమా కొట్టమన్నాను. దుకాణదారు మొద్దు మీద మాంసం పెట్టి రెండు చేతులా కత్తులు పట్టుకుని టకటకా కొడుతుంటే నేను పక్కనే నిలబడి "బొక్క రాలేదు గద భాయ్? ఇంకోసారి చూడున్రి" అని ప్రాణం తీశాను. చివరికి ఆయన కత్తులు ఆపి, "గింత ఫికరుంటే మీరే వచ్చి కొట్టున్రి మేడం" అన్నాడు.

ఇంటికొచ్చి ఉల్లిగడ్డ కంటికి కనబడకుండా తురిమాను. టమాటాలు వేడినీళ్లలో వేసి తొక్క ఒలిచాను. మా అమ్మగారిది రాయికోడ్. అక్కడ మా తమ్ముడు పండించిన అల్లం సంచి నిండా ఇంట్లోనే ఉంది. ఆ అల్లం ఘాటు నాకు ప్రాణం. కానీ పిల్లలకు వాసన తగలకూడదని గోరంత ముక్క దంచి వేశాను. కారం పేరుకు వేశాను. కొత్తిమీర కట్ట వైపు చూడనైనా చూడలేదు. నీరంతా ఇగిరి నూనె పైకి తేలేదాకా కలుపుతూ నిలబడ్డాను. పావుగంట వంట నాకు గంట దాటింది. దించేసరికి వాసన మాత్రం ఇల్లంతా కమ్మగా కమ్ముకుంది. ఈసారి తింటారు అని గట్టిగా అనుకున్నాను.

చపాతీలు పెట్టి, పక్కన కీమా వడ్డించి, గంటెతో ఎదురుగా నిలబడ్డాను.

"గిదేంది?" అంది అమ్మాయి.

"కీమా బిడ్డా. బొక్కలు లేవు, కొత్తిమీర లేదు, టమాటా తొక్క లేదు."

"మరి ఏమున్నది?"

అది చూపుడు వేలితో కీమాను అటూ ఇటూ కదిపింది.

"మట్టి లెక్కున్నది."

"నాకు గూడ మట్టొద్దు" అన్నాడు చిన్నోడు.

"ఒక్క ముద్ద. జర నోట్ల పెట్టుకొని చూడు. డాక్టర్ ఏం చెప్పిండు నీకు?"

"నోట్ల పెట్టుకుంటె వాంతి అయితది."

"అయితే పస్తుండున్రి! ఇద్దరు పస్తుండున్రి!" అని కంచాలు లాగేసుకున్నాను. వాళ్లు ఏడుస్తారనుకున్నాను. ఏదో గండం గడిచినట్టు లేచి గల్లీలోకి ఆడుకోవడానికి ఉరికారు.

ఇక మిగిలింది నేనూ, గిన్నెడు కీమా. మరునాడు శనివారం. సోమవారం, శనివారం మా ఇంట్లో నీసు వండం. శనివారమైతే ఫ్రిజ్‌లో కూడా ఉండకూడదు. అది మా అత్తమ్మ పెట్టిన నియమం. ఆమె ఉండేది చిరాగ్‌పల్లిలో, ఆమె నియమం ఉండేది మా ఇంట్లో. అంత కష్టపడి వండింది పారబోయడానికి చేతులు రాలేదు. అప్పుడు గట్టు మీద పక్కింటి ఆపా వాళ్ల గిన్నె కనిపించింది. నాకు ఆపా, పిల్లలకు ఖాలా. అంతకుముందు ఆమె సొరకాయ ఖీర్ పంపింది అందులో. మా గల్లీలో వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా పోసి ఇస్తారు. పిల్లల కంచాల్లోది ఎంగిలని తీసేసి, పొయ్యి మీది గిన్నెలో మిగిలినదంతా అందులో సర్దాను. మేమూ వాళ్లూ చికెన్ తెచ్చేది ఒకే దుకాణం నుంచి కాబట్టి హలాల్ పట్టింపు కూడా లేదు. వెనక గోడ మీదుగా అందించాను.

"కీమానా? మస్తు పని చేసినవ్. గిప్పుడే రొట్టెలు కాలుస్తున్న" అని ఆపా సంతోషంగా అందుకుంది.

కాసేపటికి పిల్లలు తిరిగొచ్చారు. అమ్మాయి పెదవుల మీద నూనె మెరుస్తోంది. చిన్నోడి వేళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఆ వేళ్లు అంగీకి తుడుచుకుంటూనే వాడు అరిచాడు.

"అమ్మా, ఖాలా కీమా చేసింది!"

"మస్తుండె అమ్మా" అంది అమ్మాయి. "నేను మల్ల ఏసుకొని తిన్న. నువ్వు గూడ ఖాలా దగ్గర నేర్చుకోరాదు?"

సంతోషించాల్సిన మాటే. నా బిడ్డ కడుపు నిండా తిని వచ్చింది. డాక్టర్ చెప్పింది అదే, నేను దేవుడికి మొక్కుకున్నదీ అదే. కానీ ఉన్నమాట చెబుతున్నాను, ఆ క్షణాన నాకు సంతోషం రాలేదు. కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. అది నేను వండిందే అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. చెబితే రేపటి నుంచి అక్కడ కూడా తినరేమోనని భయం.

మా ఆయన ట్రాక్టర్ల కంపెనీలో పని చేస్తాడు. ఆ వారం సెకండ్ షిఫ్ట్. టీ తాగే టైంలో ఫోన్ చేసి, జరిగింది విని పడీ పడీ నవ్వాడు.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊకెనే అన్నరా?"

"అది పొరుగింటి పుల్లకూర కాదు, నా కీమా!" అని ఫోన్ పెట్టేశాను.

తెల్లారి ఆపా దగ్గరికి వెళ్లాను. ఆమె నాకంటే పెద్దది, కొడుకులు, కోడళ్లు, మనవలతో ఇల్లు ఎప్పుడూ కళకళలాడుతుంటుంది.

"నా కీమాల ఏం కలిపిన్రు ఆపా?" అని అడిగాను.

"ఏం కలుపలే. నిమ్మకాయ గూడ పిండలే. ఎందుకు?"

చెప్పాను. ఆమె కూడా నవ్వింది. అందరికీ నవ్వులాటగానే ఉంది.

"మరి తినుమని ఎట్ల ఒప్పించిన్రు?"

"నేనెందుకు ఒప్పిస్త? దస్తర్‌ఖాన్ పర్చిన. మావోళ్లు కూసున్నరు. మీవోళ్లు గూడ వచ్చి సందుల దూరిన్రు. మా ఇంట్ల జర లేటైతే ఏం మిగులది, నీకెరుకే గద."

నాకు ఎరుకే. నేల మీద ఆ పొడవాటి గుడ్డ పరిచి, చుట్టూ అందరూ మోకాళ్లు తగిలేలా కూర్చుని తింటారు. ఎవరు ఎంత తిన్నారో చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. చెప్పడానికేం, తేలికే. ఆమె మనవరాలు బళ్లో కళ్లు తిరిగి పడలేదు. ఆ తెల్లటి కంటి రెప్ప ఆమె చూడలేదు. చూస్తే ఆమె కూడా గంటె పట్టుకుని నిలబడేది అని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను. ఆదివారం ఎప్పటిలాగే గంటెతో నిలబడ్డాను. ఎప్పటిలాగే వద్దన్నారు.

బుధవారం బడిలో పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది, తల పగిలిపోతూ ఇంటికొచ్చాను. దారిలో కీమా తెచ్చాను. ఈసారి పిల్లల కోసం కాదు. పొద్దున టిఫిన్ చెయ్యలేదు, మధ్యాహ్నం డబ్బా సగంలోనే బెల్లు కొట్టారు, ఆకలి దహించేస్తోంది. ఉల్లిగడ్డ పెద్ద పెద్దగానే కోశాను. టమాటాలు తొక్కతోనే వేశాను. రాయికోడ్ అల్లం కసిదీరా దంచి వేశాను, పచ్చిమిర్చి చీల్చి వేశాను, కొత్తిమీర కట్ట మొత్తం తుంచి పోశాను. నాకిష్టమని జొన్నరొట్టెలు చేసుకున్నాను. ఇదేదో ఉపాయం పన్నానని అనుకోకండి. నిజంగానే చేతులెత్తేశాను.

హాల్లో పాత దుప్పటి పరిచి, రొట్టెల కంచం, కీమా గిన్నె ముందు పెట్టుకుని, కూర్చుని తినడం మొదలుపెట్టాను. వేడి వేడి రొట్టె, వేడి వేడి కీమా. నాలుక చుర్రుమంది. నా ఇంట్లో నేను పొగలు కక్కేది తిని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

"మాకు?" అన్నాడు చిన్నోడు.

"మీకేం గావాల్నో తర్వాత చూస్త. నాకు ఆకలైతున్నది."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అమ్మాయి వచ్చి దుప్పటి అంచున గొంతుక్కూర్చుంది.

"ఏం తింటున్నవ్?"

"కీమా."

"మొత్తం తింటవా?"

"ఆకలైతే తింట."

కాసేపు అది నా చెయ్యి గిన్నెలోకి, గిన్నెలోంచి నోట్లోకి పోవడం చూస్తూ ఉంది. నేను తల ఎత్తలేదు. గిన్నె అడుగు కనిపించడం మొదలైంది.

"నాకు పెట్టవా?"

లేచి ఉరికి కంచం తేవాలనిపించింది, నెయ్యి రాయాలనిపించింది, తినమ్మా తిను అని పక్కన కూర్చుని ముద్దలు చేసి పెట్టాలనిపించింది. దానివైపు చూస్తే అవన్నీ చేసేస్తానని తెలుసు. చూపు నా కంచం మీదే పెట్టి, గిన్నెను కొంచెం అటు జరిపాను.

"ఏసుకో."

అది నా కంచంలోంచే రొట్టె తుంచుకుంది. కొత్తిమీర ఆకు ఒకటి ఏరి నా కంచం అంచున పెట్టింది. ఇంకొకటి ఏరబోయి, చిన్నోడు గిన్నెలో చెయ్యి పెట్టడం చూసి, ఆకుతో సహా నోట్లో వేసుకుంది. కారానికి ముక్కు ఎగబీల్చింది. మళ్లీ తుంచుకుంది. దాని దవడలు కదులుతున్న చప్పుడు వింటూ నేను నా ముద్ద నములుతున్నాను.

"అమ్మా" అంది నోటి నిండా పెట్టుకుని.

"ఊఁ?"

"ఖాలా చేసినంత మంచిగ లేదు. గని పర్వాలేదు."

అదృష్టం బాగుండి నా నోటి నిండా కూడా ముద్ద ఉంది.

"ఇంకో రొట్టె ఉన్నదా?"

లేవబోయాను. లేవకుండా నా ఎడమ చేతిని తొడ కింద పెట్టి గట్టిగా అదుముకున్నాను.

"ఉన్నది. వంటింట్ల ఉన్నది, పోయి తెచ్చుకో" అన్నాను.