కనబడే కుట్టు

సూదక్క పొద్దుటి మాత్ర వేసుకునేది రాజుగారి కిరీటం కింద నిలబడి. నాటక సమితి దుస్తుల గదిలో కిరీటం వేలాడే మేకు కిందే ఆమె మంచినీళ్ళ సీసా ఉంటుంది. గది తాళం తీయగానే మాత్ర, ఆ తర్వాతే ఇస్త్రీపెట్టె. రాత్రి మాత్ర ఇంట్లో, పక్క వేసే ముందు.

ఈ క్రమం ఒకే ఒక్కసారి తప్పింది. రెండేళ్ళ క్రితం కొత్త నాటకం మొదలయ్యే ముందు, రెండు రాత్రులు నిద్ర లేకుండా సైన్యం మొత్తానికీ అంగీలు కుట్టింది. ఆ హడావుడిలో మాత్ర మరిచిపోయింది. రెండో అంకం నడుస్తుండగా తెర పక్కన ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఎవరో కంగారులో నోట్లో చెంచా కుక్కారు. ఆ చెంచాకి ఆమె ముందు పన్ను ఒకటి మూల విరిగింది. నవ్వినప్పుడు ఇప్పటికీ కనబడుతుంది.

ఆ సంగతి అందరూ మరిచిపోయారనే అనుకుంది, విదేశం నుంచి పిలుపు వచ్చేదాకా. మూడు ఊళ్ళలో మూడు ఆటలు. సమితి పుట్టాక దేశం దాటడం అదే మొదటిసారి. మేనేజరు ఆమెను తన గదికి పిలిచి తలుపు వేశాడు. తలుపు వేశాడంటే మంచి కబురు కాదని ఆ సమితిలో అందరికీ తెలుసు.

"నువ్వు రావట్లేదు సూదక్కా. ముందే చెప్పేస్తున్నా, తర్వాత మనసు కష్టపెట్టుకోకు."

"మరి బట్టలెవరు చూస్తారు?"

"అన్నీ కుట్టి ఇచ్చెయ్. ఎక్కడైనా చిరిగితే పిన్నులు పెట్టుకుంటాం."

"రాజుగారు రెండో అంకంలో మోకాళ్ళ మీద దభీమని పడతారు. పిన్నులు ఎక్కడ గుచ్చుకుంటాయో ఆయన్నే అడగండి."

మేనేజరు నవ్వలేదు. బల్ల మీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఆ రోజు నిన్ను చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సొంత ఊళ్ళోనే అలా అయిపోయానే, భాష రాని చోట ఏం చేస్తాను చెప్పు? నా వల్ల కాదమ్మా."

ఆయన మాటలో అబద్ధం లేదు. అది సూదక్కకూ తెలుసు. కానీ ఆ నాటకంలో ప్రతి అంగీ ఆమె చేత్తో కుట్టిందే. అవన్నీ విమానం ఎక్కుతుంటే తాను గుమ్మంలో నిలబడి చెయ్యూపడం ఆమెకు మింగుడు పడలేదు.

"ఈ సమితిలో రిహార్సల్ లేకుండా ఏదైనా స్టేజీ ఎక్కిందా?" అని అడిగింది.

"ఎక్కలేదు."

"నేను పడిపోవడం మాత్రం రిహార్సల్ లేకుండానే స్టేజీ ఎక్కింది. అందుకే మీకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పెట్టండి రిహార్సల్. నేను పడిపోతాను, మీరేం చేస్తారో చూద్దాం. కుదిరితే వస్తాను. కుదరకపోతే నేనే మానుకుంటాను."

మేనేజరు ఆమె వంక ఎగాదిగా చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఎవరికీ రిహార్సల్ కాదనలేదు. ఇప్పుడూ కాదనలేదు.

ఇంట్లో అంతకంటే గట్టి పరీక్షే ఎదురైంది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. "డాక్టరు వద్దంటే వద్దు, సరేనంటే సరే" అని ఒక్క మాటలో తేల్చి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆడపడుచు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. పక్క వాటాలోనే ఉంటుంది, గోడకి చెవులు అక్కర్లేని దగ్గర.

"ఏం వదినా, ఇక్కడ పడితే మేం లేపుతాం. అక్కడ పడితే ఎవరు లేపుతారు?"

"లేపక్కర్లేదమ్మా. పక్కకి తిప్పి పడుకోబెడితే చాలు."

"మాటలకేం, బాగానే నేర్చావు."

"డాక్టరు నేర్పాడు."

డాక్టరు సరేనన్నాడు. అయితే షరతులు పెట్టాడు. ప్రయాణానికి ముందు రాత్రి కంటినిండా నిద్ర ఉండాలి. ఆ దేశంలో పగలూ రాత్రీ వేరు కాబట్టి మాత్ర ఏ వేళకి వేసుకోవాలో ఆయనే రాసిచ్చాడు. కంపెనీ పెట్టిన పేరు అక్కడ ఎవరికీ తెలియకపోవచ్చని, మందు అసలు పేరుతో ఉత్తరం ఇచ్చాడు. మాత్రలు అట్టల్లోంచి తీసి డబ్బాలో పోసుకోవద్దన్నాడు. అవసరమైన వాటికంటే ఓ వారానికి ఎక్కువ తీసుకెళ్ళమన్నాడు. సామాన్ల పెట్టె పోయినా మందు పోకుండా చేతి సంచిలోనే పెట్టుకోమన్నాడు. ఆ మందు ఆ దేశంలోకి తీసుకెళ్ళనిస్తారో లేదో ముందే కనుక్కోమన్నది కూడా ఆయనే. నాటకానికి పిలిచిన సంస్థలో ఒకావిడ అది కనుక్కుని, పర్వాలేదని జవాబు రాసింది.

ఆవిడ చేతే సూదక్క నాలుగు ముక్కలు ఆ దేశం భాషలోకి మార్పించుకుంది. నాకు మూర్ఛ వ్యాధి ఉంది. పక్కకి తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి. వాటి కింద మందు పేరు, మేనేజరు ఫోను నంబరు. ఆ మాటల్ని బట్ట ముక్క మీద దారంతో కుట్టి, ప్రయాణానికి కుట్టుకున్న కోటు లోపల, అస్తరు అంచున అతికించింది. బయటికి పోగు కనబడితే ఒట్టు. హెమ్మింగ్ చేస్తే కుట్టు ఎక్కడుందో తనకే తెలియకూడదన్నది ఆమె పంతం.

రిహార్సల్ రోజు రానే వచ్చింది. ఆ పొద్దునే అందరి పాస్‌పోర్టులూ వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే మేనేజరు తన తోలు సంచిలో వేసుకున్నాడు. అది సమితి ఆనవాయితీ. తెర లేచే ముందు అందరి ఉంగరాలూ వాచీలూ పర్సులూ ఆ సంచిలోకి వెళ్తాయి, ఆట అయ్యేదాకా సంచి ఆయన భుజం దిగదు. ఇన్నేళ్ళలో ఒక్క చెవిపోగు పోలేదని ఆయనకి గర్వం. విదేశంలోనూ అదే పద్ధతి అన్నాడు.

అలంకరణ చేసే ముసలాయన్ని అందరూ రంగుల బాబాయి అంటారు. దారిన పోయే విదేశీయుడి వేషం ఆయనకిచ్చారు. ఎవరూ అడక్కుండానే మెడకి మఫ్లరు చుట్టుకొచ్చాడు.

సూదక్క కోటు తొడుక్కుని స్టేజీ మధ్యకి నడిచి పడిపోయింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. రాజు వేషం వేసే రాజుగారు పరుగున వచ్చి మోకాళ్ళ మీద పడి, "అయ్యో సోదరీ!" అని చివరి వరసకి వినబడేలా ఆక్రోశించాడు. నాయిక వేషం వేసే అమ్మాయికి కన్నీళ్ళు అడగ్గానే వస్తాయి. ఈసారి అడక్కుండానే వచ్చాయి. మేనేజరు ఒక్కడే పని చేశాడు. సంచి పక్కనున్న కుర్చీలో పెట్టి, నేల మీద కూర్చుని, ఆమెను జాగ్రత్తగా పక్కకి తిప్పాడు.

రంగుల బాబాయి వంగి వెతకడం మొదలుపెట్టాడు. కోటు జేబులు చూశాడు. మెడలో చూశాడు. మణికట్టు చూశాడు. చేతి సంచి తెరిచి మాత్రల అట్టలు తీసి, వాటి మీద అక్షరాలు చదవలేనట్టు అటూ ఇటూ తిప్పాడు. చివరికి నిటారుగా నిలబడ్డాడు.

"ఈమెకేం రోగమో నాకు తెలీదు. తాగి పడిపోయిందనుకుంటాను. పోలీసులకి ఫోను చేస్తున్నా."

"లోపల! ఎడమ పక్క, అస్తరు అంచున!" సూదక్క కళ్ళు మూసుకునే అరిచింది.

"ఫిట్స్ వచ్చిన మనిషి మాట్లాడకూడదమ్మా."

అందరూ గొల్లుమన్నారు. ఆమె లేచి కూర్చుని కోటు విప్పి చూపించింది. బాబాయి కళ్ళజోడు పైకి తోసి ఆ పేలికను వేళ్ళతో తడిమాడు.

"భేషైన కుట్టు. నేను నీ పక్కన ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, నాకే దొరకలేదు. ఎవడో తోవన పోయేవాడికి దొరుకుతుందా? ఎవరికీ కనబడకుండా కుట్టడానికి ఇదేమన్నా రాణిగారి పైటంచా?"

సూదక్క ముఖం వాడిపోవడం చూసి నవ్వులు ఆగాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు లేచి భుజం తడుముకున్నాడు.

"నా సంచేది?"

కుర్చీ లేదు. కుర్చీలో సంచీ లేదు. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాజుగారు ఈసారి నిజంగానే "అయ్యో" అన్నాడు, అదీ లోగొంతుతో. స్టేజీ కిందా తెర వెనకా కాసేపు ఎవరు ఎక్కడికి పరిగెడుతున్నారో ఎవరికీ తెలియలేదు. చివరికి సెట్లు కట్టే వడ్రంగి మామ పెద్ద పెట్టె మీద కూర్చుని మేకులు ఏరుకుంటూ కనబడ్డాడు.

"మామా, తోలు సంచి చూశావా?"

"స్టేజీ మీద కుర్చీలో ఏముంటే అది సామానే. సర్దేశాను. మూతకి మేకులు కూడా కొట్టేశాను" అన్నాడు తాపీగా. సీను కాగానే స్టేజీ ఖాళీ చేయడం ఆయన ఉద్యోగం. ఆయన దాన్ని తూచా తప్పకుండా చేశాడు.

మామ మేకులు ఊడబెరికి మూత తీశాడు. సంచి చేతికొచ్చాక మేనేజరు దాన్ని గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. కాసేపటికి తలెత్తాడు.

"కుదరలేదు కదా, సూదక్కా."

కుదరకపోతే మానుకుంటానన్న మాట ఆమెదే. దాన్ని ఆమె మరిచిపోలేదు.

"మొదటి రిహార్సల్ మీకెప్పుడు కుదిరింది?"

"అదీ నిజమే" అన్నాడు రాజుగారు. "మొదటి రోజు నాకు నా మాటలు ఒక్కటైనా వచ్చాయా? తోకలేని గుర్రంలా నిలబడ్డానని మీరే అన్నారు కదండీ."

మేనేజరు సంచి బకిల్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "సరే. మనకి మూడు రిహార్సళ్ళు పద్ధతి. ఇంకో రెండున్నాయి. మూడోది చెడితే మాత్రం నువ్వు నన్ను అడక్కూడదు, నేను నీకు చెప్పక్కర్లేదు, నువ్వే ఆగిపోవాలి."

ఆ సాయంత్రం సూదక్క మిషను ముందు కూర్చుని కోటు అస్తరు ఊడదీసింది. కుట్టడం కంటే ఊడదీయడానికే ఎక్కువసేపు పట్టింది, అంత గట్టిగా కుట్టింది మరి. కుట్టు ఒక్కటే కాదు, జబ్బు కూడా ఆమె అలాగే దాచుకుంది. పెళ్ళయిన కొత్తలో మాత్రలు బియ్యం డబ్బాలో పెట్టింది. సమితిలో చేరినప్పుడు చెప్పలేదు. పడిపోయాకే తెలిసింది అందరికీ.

వెడల్పాటి తెల్ల పట్టీ తీసుకుంది. ఎర్ర దారం ఎక్కించింది. ఆ నాలుగు ముక్కలూ బొటనవేలి గోరంత అక్షరాల్లో, ఎడం చేతి మణికట్టుకి, కోటు వేసుకుంటే దాని చేతి పైన కట్టుకునేలా కుట్టింది. మర్నాడు దాన్ని కట్టుకునే బజారుకి వెళ్ళింది. ఇక్కడివాళ్ళకీ అర్థమయ్యేలా కింద తెలుగులో ఇంకో వరస ముందే చేర్చింది. కూరగాయలమ్మే అతను చదివి, తలెత్తి చూసి, సంచి మామూలుగానే అందించాడు. అంతే. ఇన్నేళ్ళు భయపడింది దానికా అనిపించింది ఆమెకి.

"ఇంత పెద్దగానా వదినా? ఊరంతా చదువుతారు" అంది ఆడపడుచు.

"చదవడానికే."

అదే ఊపులో పాస్‌పోర్టుల పని పట్టింది. ఒక్కొక్కరికీ నడుముకి కట్టుకునే బట్ట సంచి కుట్టింది. ఎవరి పాస్‌పోర్టు వారి ఒంటి మీదే. నకళ్ళు మాత్రం జంటలుగా మార్చుకున్నారు: రాజుగారివి నాయిక దగ్గర, నాయికవి రాజుగారి దగ్గర, రెండేసి ఫోటోలతో సహా. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు స్టేషను, అక్కడ ఇచ్చే కాగితం పట్టుకుని మన రాయబార కార్యాలయం. ఆ చిరునామా, ఫోను నంబరు అందరి చేతా బట్టీ పట్టించే పూచీ రంగుల బాబాయిది. "నా సంచికిక పనేముంది?" అని మేనేజరు గొణిగాడు. "ఉంగరాలున్నాయిగా" అంది సూదక్క.

ప్రయాణ బీమా దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. జబ్బులేమైనా ఉన్నాయా అన్న చోట లేవని పెట్టేస్తే పోతుంది కదా అన్నాడు మేనేజరు.

"అక్కడ ఆసుపత్రిలో చేరితే వాళ్ళు అడిగే మొదటి మాట అదే. దాచి పెడితే ఆ బీమా దేనికండీ, చుట్టుకోవడానికా? నేను చేతికే కట్టుకుని తిరుగుతున్నాను, మీరు కాగితంలో దాస్తారా?"

ఉన్నదున్నట్టే రాశారు.

రెండో రిహార్సల్లో రాజుగారు మళ్ళీ ఆక్రోశించాడు. మేనేజరు ఆయనకి కొత్త వేషం ఇచ్చాడు: నోరు మూసుకుని, ఐదు నిమిషాలు దాటాయో లేదో వాచీ చూస్తూ నిలబడటం. ఇన్నేళ్ళలో తనకిచ్చిన అతి కష్టమైన పాత్ర అదేనన్నాడాయన. మూడో రిహార్సల్లో రంగుల బాబాయి పట్టీ చదివి, చుట్టూ చేరినవాళ్ళని వెనక్కి పంపి, ఆమె తల కింద మఫ్లరు మడిచి పెట్టాడు. వడ్రంగి మామ కుర్చీ దగ్గరికి వచ్చి, అందులోని సంచి ఎవరిదని అడిగి, ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. మేనేజరు సూదక్క వంక చూసి, "చలిగా ఉంటుందట, మేజోళ్ళు ఎక్కువ పెట్టుకో" అన్నాడు.

ఆ దేశం వెళ్ళాక, పడాల్సింది రెండో ఊళ్ళో పడింది. విమానం ఆలస్యమై ముందు రోజు నిద్ర సగమే దక్కింది. తెర లేవడానికి కాస్త ముందు, రాజుగారి అంగీకి బొత్తాం కుడుతూ, సూదక్క చేతిలో సూదితోనే పక్కకి వాలిపోయింది. మనవాళ్ళు మెట్ల అవతల ఉన్నారు. మొదట చూసింది ఆ థియేటరులో లైట్లు చూసే కుర్రవాడెవరో, వీళ్ళ భాష ఒక్క ముక్క రానివాడు. అతను మణికట్టు చూశాడు. చదివాడు. సూది తీసి దూరంగా పెట్టి, ఆమెను పక్కకి తిప్పి, అప్పుడు కేక వేశాడు. రాజుగారు వచ్చి నోరు విప్పకుండా వాచీ చూస్తూ నిలబడ్డాడు. రెండు నిమిషాల లోపే తగ్గింది. అంబులెన్సు అవసరం పడలేదు. మర్నాడు మన డాక్టరు ఉత్తరం చూపిస్తే, అక్కడి డాక్టరు మందు మార్చక్కర్లేదని, నిద్ర మాత్రం తప్పనివ్వొద్దని చెప్పాడు.

మర్నాటి ఫోనులో ఆడపడుచు మొదట అడిగింది అదే. "ఎవరు లేపారు వదినా?"

"ఎవరూ లేపలేదమ్మా. నేనే లేచాను."

బొత్తాం సగంలో ఆగిపోవడంతో ఆమె పడిపోయిన ఆ సాయంత్రం రాజుగారు పిన్నుతోనే స్టేజీ ఎక్కాడు. రెండో అంకంలో అది ఎక్కడ గుచ్చుకుందో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. ఆట ఏడు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.