ఉప్పు వేసే చెయ్యి

మా అమ్మ పోయి నెల దాటింది. ధూల్‌పేటలో మా గల్లీ వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియని మనిషి. ఆమె గురించి రాసేదేముందని మీరు అనుకోవచ్చు. యుద్ధం రోజుల్లో ఊరంతా బియ్యం కోసం బారులు తీరితే, ఆమె ఇంటి వెనక నాలుగు మడుల్లో పెరిగిన కూరలతో బాపు, మేనత్త, నేను ఆకలితో పడుకోకుండా చూసింది. రాయడానికి నాకు అది చాలు.

పొద్దున్నే మడిలోకి దిగి పుంటికూరను, అదే గోంగూరను, పలకరించేది. "ఇయ్యాల నీ వంతు, కోపం చేసుకోకు" అని చెప్పిగానీ తెంపేది కాదు. చిక్కుడుకాయలో నువ్వుల పొడి, బచ్చలికూరలో పచ్చి చింతకాయ తొక్కు వేసేది. ఎంత వెయ్యాలని అడిగితే ఒంటికాలి మీద లేచేది. "కొలతలేంది? చేతికి తెల్వదా?" అనేది. వండుతూ రుచి చూడటం ఆమె దృష్టిలో చేతకానితనం. వాసన పట్టి ఉప్పు వేసేది. నేను గరిటె నాకితే వీపు మీద ఒకటి పడేది. నా చేతికేమో ఏనాడూ ఏమీ తెలియలేదు.

మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి మూసీ ఒడ్డున విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ళ ప్రాణం ఇంకా ఇక్కడే దేనికో ఆగిందని మావాళ్ళ నమ్మకం. ఆ పొద్దున పుంటికూర పప్పు ఉడుకుతుంటే ఉప్పెంత వెయ్యాలో నాకు తోచలేదు. "అమ్మా, ఉప్పు నువ్వెయ్యి" అన్నాను. పిడికిట్లో ఉప్పు పట్టి గిన్నె మీదికి చెయ్యి చాచాను. సగం పడగానే వేళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. తెరవబోతే రాలేదు.

పప్పు అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. కాకి మాత్రం ముట్టలేదు.

ఆ తర్వాత రోజూ పిలిచాను. తప్పని తోచలేదు. మడిలోకి వెళ్తే తెంపాల్సిన కొమ్మలు గాలి లేకుండానే నా వైపు వంగేవి. పొయ్యి ముందు కూర్చుంటే, వెనక ఎవరో గాజులు మోచేతి దాకా ఎగదోసుకున్న చప్పుడయ్యేది. తిరిగి చూసేదాన్ని కాదు. చూస్తే పోతుందని భయం. బాపు తలెత్తకుండా తినేవాడు. మేనత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి నా చేతుల వంక చూసేది.

పదో రోజు మళ్ళీ మూసీ ఒడ్డున విస్తరి పెట్టాం. కాకులు చుట్టూ వాలాయి. ఒక్కటీ దగ్గరికి రాలేదు. బాపు చేతులు జోడించి, "మడులు ఎండనియ్య. బిడ్డను మంచిగ చూసుకుంట. ఇంక ఫికర్ చెయ్యకు" అన్నాడు. కాకులు కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది.

మేనత్త నన్ను పక్కకు లాగింది. "నిజం చెప్పు బిడ్డా, వంట నువ్వే చేస్తున్నవా?"

చెప్పేశాను. ఆమె నా చెంప మీద కొట్టబోయి, చెయ్యి దించి ఏడ్చింది.

"పోయినోళ్ళను పనికి పిలుస్తరా? అది బతికినన్ని దినాలు పొయ్యి కాడనే ఉండె. ఇగనన్న పోనియ్యి."

పంపడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ చప్పుడు ఇక వినపడదు. నా వేళ్ళను ఎవరూ పట్టుకోరు. చివరికి విస్తరి ముందు కూర్చుని, "అమ్మా, ఇగ రాకు. నా వంట నేనే చేసుకుంట" అన్నాను. మాట పూర్తికాకముందే ఒక కాకి నా భుజాన్ని రాసుకుంటూ దిగి పప్పన్నం ముద్ద ఎత్తుకుపోయింది. నాకు అంత దుఃఖం అమ్మ పోయిన రోజు కూడా రాలేదు.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక పుంటికూర తెంపాను. కొమ్మలు నిటారుగానే ఉన్నాయి. పప్పు చేశాను, పిడికిలి ఖాళీ అయ్యేదాకా నా చేతిని ఏదీ ఆపలేదు. మేనత్త ఒక్క ముద్ద తిని చెంబు అందుకుంది. బాపు మాత్రం పది రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు. పప్పు ఇంకాస్త వెయ్యమని కంచం ముందుకు జరిపాడు.