మూత వారగా పెట్టిన కెటిల్

పోయిన బుధవారం ఉదయం, ఆసుపత్రికి టీ పట్టుకెళ్దామని ఇంటికొచ్చి చిన్న స్టీలు కెటిల్ తోముతుండగా మావారు ఫోన్ చేశారు. అక్క పోయిందన్నారు. అక్క అంటే నా తోటికోడలు. బరంపురంలో మా బట్టల కొట్టు వెనక ఇంట్లో, ఒకే వంటగదిలో ఇరవై ఆరేళ్ళు కలిసి బతికాం. ఫోన్ పెట్టేశాక కూడా ఆ కెటిల్ తోముతూనే ఉన్నాను.

అక్క పుట్టిల్లు బరంపురం దగ్గరి హుమ్మ. మా ఇంట్లో అందరి ఇష్టాలూ ఆమెకు కంఠతా వచ్చు. బావగారికి పులుపు ఎంత ఉండాలి, నాకు అన్నం ఎంత మెత్తబడాలి, అన్నీ. తనకేం ఇష్టమో మాత్రం ఎవరికీ తెలీదు. మీ ఇళ్ళల్లోనూ అలాంటి మనిషి ఒకరుండే ఉంటారు. కూర్చో అక్కా అంటే, "మీరు తినండే, నాను ఎనక తింతాను" అనేది. పండక్కి ఏ రంగు చీర తెమ్మంటావంటే, "నాకేటొద్దు సెల్లీ." నేను ఎవరికేం కావాలో చీటీ రాసుకునిగానీ బజారుకు వెళ్ళను. ఆ చీటీలో ఆమె పేరు పక్కన ఎప్పుడూ ఖాళీయే. ఆ ఖాళీని ఒక్కసారైనా నింపాలని నాకు ఎంత ఉండేదో!

ఎనిమిదేళ్ళ కిందట, సరుకు కోసం అన్నదమ్ములిద్దరూ కలకత్తా వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్ళారు. ఆదివారం ఉదయం ఒక చైనా హోటల్‌కి వెళ్ళాం. మెట్ల మీదిదాకా జనం. లోపల పెద్ద పెద్ద గుండ్రటి బల్లలు. వెదురు బుట్టలు పేర్చిన తోపుడు బళ్ళు వాటి మధ్య తిరుగుతుంటాయి. నచ్చింది కనబడితే బండి ఆపి దింపించుకోవాలి. మొదటి బుట్ట మూత తీయగానే గుప్పున ఆవిరి. పల్చటి పిండిపొరలోంచి రొయ్యలు ఎర్రగా కనబడుతున్నాయి.

అక్క లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపి అందరికీ వడ్డించడం మొదలుపెట్టింది.

"కూకోయే, ఇది మనిల్లు కాదు," బావగారు విసుక్కున్నారు.

"ముందు మీరు తినండి. సల్లారిపోతాయి."

పక్క బల్ల దగ్గరి పెద్దాయన ఆమెను హోటల్ మనిషే అనుకుని, తన మిరప పచ్చడి గిన్నె ఖాళీ అయిందని చూపించాడు. అక్క మా గిన్నె తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి వచ్చింది!

మావారు నవ్వాపుకోలేకపోయారు. "రేప్పొద్దున్నించి ఇక్కడే డూటీయా ఏటి వదినా?"

ఆమె కూర్చునేసరికి బుట్ట ఖాళీ. బండీ వెళ్ళిపోయింది. "టీ సాలు నాకు" అంది. పింగాణీ కెటిల్ పూర్తిగా ఒంపినా సగం కప్పే వచ్చింది. ఇంకో కెటిల్ చెప్పనా అని నేనంటే, "నాకేటొద్దు" అని మామూలు జవాబే.

గల్లా దగ్గరున్న ముసలి చైనా ఆవిడ ఇదంతా చూస్తున్నట్టుంది. వచ్చి అక్క భుజం మీద చెయ్యివేసి, "ఇక్కడ అడగక్కర్లేదమ్మా" అని హిందీలో చెప్పి, కెటిల్ మూత కొంచెం జరిపి వారగా పెట్టింది. అంతే. అంత రద్దీలోనూ ఒకతను వచ్చి, మాట్లాడకుండా కెటిల్ నింపి, మూత సరిగా పెట్టి వెళ్ళాడు.

అక్క కళ్ళు ఇంతింత చేసుకుంది. "నోరిప్పక్కర్లేదే సెల్లీ!" అంది నా చెవిలో. ఆ పూట మూడుసార్లు తనే మూత జరిపింది. జరిపిన ప్రతిసారీ, వస్తారా రారా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేది. ఈలోగా నేను ఇంకో బండి ఆపి రొయ్యల బుట్ట ఆమె ముందే పెట్టించాను. అందరికంటే ముందు, వేడివేడిగా ఆమె తినడం నేను చూసింది ఆ రోజే.

ఇంటికొచ్చిన వారానికి, వంటగది గట్టుమీద మా స్టీలు కెటిల్ మూత వారగా ఉంది. ఈగలు పడతాయని మూసేశాను. మర్నాడూ మూసేశాను. మూడోరోజు మూస్తుంటే అక్క గుమ్మంలో నిలబడి, "కలకత్తా ఎల్లొచ్చినావు గానీ ఏటీ నేర్సుకోలేదు, పో!" అని వెళ్ళిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. ఆ రోజు నుంచీ ఆమె మూత జరపడం, నేను రెండో కప్పు పోయడం. నోటితో మాత్రం ఏనాడూ అడగలేదు.

ఆసుపత్రిలోనూ అంతే. డాక్టరు నొప్పి ఉందా అంటే లేదనేది. ఎవరైనా తోడు ఉండాలా అంటే, "నాకేటొద్దు. ఎల్లండి, కొట్టు సూసుకోండి" అనేది. పోవడానికి ముందురోజు సాయంత్రం, వంటవేళ అవుతోందని నేను బయల్దేరాను. సంచి సర్దుకుని చూస్తే, మంచం పక్కన కెటిల్ మూత వారగా ఉంది. కప్పులో పోద్దామని ఎత్తాను. బరువుగా ఉంది. మధ్యాహ్నం నేను తెచ్చిన టీ తెచ్చినట్టే ఉంది. ఒక్క గుక్కా తాగలేదు.

అక్క వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

సంచి కింద పెట్టాను. ఈ పూట వంట మీరే చూసుకోండని ఇంటికి ఫోన్ చేసి, స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి, సెలైన్ సూది ఉన్న చెయ్యి మెల్లగా దుప్పట్లోంచి బయటికి వచ్చింది. తడుముకుంటూ కెటిల్ అందుకుని, మూత సరిగా పెట్టింది.