గ్రహణం నాటి మడతకత్తి

సూర్యగ్రహణం పట్టిన వేళ, ఏడో నెల కడుపుతో వినుకొండ బస్సులో ఉన్నాను. జామకాయ కోసుకోవడానికి కత్తి అడిగితే పక్క సీటు పెద్దావిడ అదిరిపడింది.

"ఇప్పుడు కత్తి ముట్టకమ్మా. బిడ్డ గ్రహణమొర్రితో పుడుతుంది."

మూఢనమ్మకాలు వద్దని సభల్లో ఎన్నో వాదించిన నేనూ ఒక్క క్షణం జంకాను.

ముందు సీట్లోని మిర్చి రైతు వెనక్కి తిరిగాడు. పై పెదవి మీద కుట్ల మచ్చ. జేబులోని మడతకత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"మా అమ్మ గ్రహణమంతా కదలకుండా పడుకుందంట. అయినా నేనిట్టా పుట్టా. కొయ్యమ్మా."

కోశాను. పెద్దావిడకూ ముక్క ఇవ్వబోతే మొహం తిప్పుకుంది.

అతను నరసరావుపేటలో దిగుతూ, "కత్తి ఉంచుకోమ్మా, మళ్లీ గ్రహణం రాకపోదు" అన్నాడు.

ఇప్పటికీ ప్రతి సూర్యగ్రహణానికీ వీధి అరుగు మీద కూర్చుని ఆ కత్తితోనే జామకాయ కోస్తాను. బిడ్డ ఎలా పుట్టిందని అడిగితే మాత్రం చెప్పను. ఎలా పుట్టినా తప్పు కత్తిది కాదు.