మా అక్క ట్రాక్ పాడేది

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. పోయినవాళ్లు కలలో కనబడ్డారని చెబితే రాత్రి ఏం తిన్నారని అడుగుతాను. ఇప్పటికీ అలాగే అడుగుతాను. ఈ ఒక్కటి మాత్రం నా చెవులతో విన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల్లో విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న క్యాసెట్ కంపెనీ ఉండేది. బట్టల గోడౌను పైన రెండు గదులు. ఒకదాంట్లో గోడలకి పాత పరుపులు కొట్టి మైకు పెట్టారు, రెండోదాంట్లో మిషన్లు. పెద్ద కంపెనీల అండ ఏమీ లేదు. ఓనరుగారే పాటలు రాయించి, రికార్డు చేయించి, క్యాసెట్లు సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. కీబోర్డు, రిథమ్ బాక్సు, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఒకే దరువు. అమ్మవారి పాటకీ అదే, క్రిస్మస్ పాటకీ అదే, నాట్ల పాటకీ అదే. మేం నవ్వుకునేవాళ్లం గానీ, పెళ్లి ఊరేగింపుల్లో కుర్రాళ్లు ఆ దరువుకి చెప్పులు తెగేలా ఎగిరేవారు.

నేను అక్కడ పాటలు సాపు రాసి, క్యాసెట్ అట్టలు తయారు చేయించేదాన్ని. మా అక్క సుగుణ ట్రాక్ పాడేది.

ట్రాక్ అంటే ఏమిటో చెప్పాలి. పేరున్న గాయని మద్రాసు నుంచి వచ్చేసరికి పాటంతా సిద్ధంగా ఉండాలి. అందుకని ముందు ఇంకెవరో పాడి పెడతారు. ఆవిడ అది వింటూ నేర్చుకుని పాడుతుంది. ఆవిడ పాడటం అవగానే ట్రాక్ గొంతు చెరిపేస్తారు. అక్క అలా ఎన్నో పాటలు పాడింది, ఒక్కటీ మిగల్లేదు. ఉయ్యూరు చర్చి క్వయర్‌లో నేర్చుకున్న గొంతు. కాస్త బరువుగా ఉండేది, చరణం ఎత్తుకునే ముందు మెట్లెక్కి వచ్చినట్టు చిన్న ఆయాసం వినపడేది. అది తగ్గించుకోమని రికార్డిస్టు రాజారత్నంగారు ఎప్పుడూ సతాయించేవారు.

అక్క పచ్చకామెర్లతో పోయింది. కూతురు కరుణకి అప్పటికి ఏడాది నిండలేదు. పిల్లని నేనే పెంచాను.

ఊహ తెలిసినప్పటి నుంచి కరుణ ఒకటే అడిగేది. "పిన్నీ, అమ్మ గొంతు ఎలా ఉండేది?" ఫోటోలు చూపించేదాన్ని. ఫోటోలు మాట్లాడవు కదా. పెళ్లి వీడియో ఉంది. అప్పట్లో అందరూ చేయించుకున్నట్టే దాన్నిండా సినిమా పాటలు ఎక్కించారు. పాస్టరుగారి ముందు అక్క ప్రమాణం చెబుతుంటే పెదాలు కదులుతాయి, వినపడేది ఏదో డ్యూయెట్. ఆ పాట కింద అమ్మ గొంతు ఉంటుందని కరుణ టీవీకి చెవి ఆనించి కూర్చునేది. చూడలేక నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

సీడీలు వచ్చాక క్యాసెట్ల వ్యాపారం పడిపోయింది. కంపెనీ మూసేసే ముందు, ఇన్నేళ్ల పాటల్లో మంచివి ఏరి ఒక సీడీ వేద్దామన్నారు ఓనరుగారు. "మనమూ పని చేశామని నలుగురికీ తెలియొద్దా అమ్మా?" అన్నారు. రాజారత్నంగారు బీరువాలోని టేపులు ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, మాటలు సరిచూడటానికి నేను పక్కన కూర్చున్నాను. నా ఆశ వేరు. చెరపడం మర్చిపోయిన అక్క పాట ముక్క ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని. పాటకీ పాటకీ మధ్య ఖాళీలు కూడా వదలకుండా విన్నాను. సగం బీరువా అయిపోయింది. ఎక్కడా లేదు.

ఒక మధ్యాహ్నం నాట్ల పాట ఒకటి పెట్టారు. అది అక్క పోయిన రెండేళ్లకి తయారైన పాట. సాపు రాసింది నేనే. ట్రాక్ పాడింది ఒక కాలేజీ అబ్బాయి. టేపు కూడా ఆ పాట కోసం కొత్తగా కొన్నదే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ టేపు మీద మా అక్క ఉండే వీలు ఏ రకంగానూ లేదు.

పల్లవి, మొదటి చరణం మద్రాసు గాయని పాడింది. తర్వాత కాసేపు దరువు ఒక్కటే నడుస్తుంది. అక్కడ చిన్న ఆయాసం వినిపించింది. రెండో చరణం అక్క పాడింది.

చరణమంతా పాడింది. నేను రాసిన మాటలే, ఒక్కటీ తప్పలేదు. భయం వేయలేదు. ఇంకాసేపు పాడితే బాగుండునని మాత్రం అనిపించింది. పల్లవి మళ్లీ గాయని గొంతులోకి వచ్చేసింది. రాజారత్నంగారి వైపు చూశాను. నేనేమీ అనకముందే ఆయనే అన్నారు. "మన సుగుణేనమ్మా."

వెనక్కి తిప్పి వేశారు. మద్రాసు గాయని. మళ్లీ వేశారు. ఆవిడే. కంప్యూటర్‌లోకి ఎక్కినదాంట్లోనూ ఆవిడే. మిషను తుడిచారు, వైర్లు మార్చారు. ఏమీ తేడా లేదు.

"టేపు తీయమాకండి" అని చెప్పి ఆటో ఎక్కి కరుణ స్కూలుకి వెళ్లి, దారిలో సంగతి చెబుతూ తీసుకొచ్చాను. పిల్ల పుస్తకాల సంచి భుజాన ఉండగానే స్పీకరు ముందు కూర్చుంది. సాయంత్రందాకా ఆ పాటే వేశాం. గాయని పాడుతూనే ఉంది. చివరికి కరుణ, "ఇది అమ్మేనా?" అని అడిగింది. అవునందామని నోటిదాకా వచ్చింది. రాజారత్నంగారు తల దించుకున్నారు.

"కాదమ్మా" అన్నాను.

సీడీ వచ్చింది. ఆ పాట అందులో ఉంది. కొన్నవాళ్లందరికీ మద్రాసు గాయనే వినపడింది. అక్క మీద బెంగతో అలా అనిపించిందన్నారు మా వాళ్లు. నాది బెంగే అనుకుందాం, మరి రాజారత్నంగారికి ఏమైంది? పాత టేపు మీద ఎక్కించి ఉంటారన్నారు ఇంకొకరు. పాటే పుట్టకముందు అక్క ఎలా పాడుతుంది? పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. చేసుకున్నాను, జవాబు రాలేదు.

ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ కరుణ ఏడవలేదు. మా సందు మలుపు తిరిగాక అడిగింది.

"నీకు అమ్మ గొంతు ముందే తెలుసు కదా పిన్నీ. మరి నాకు కదా వినిపించాల్సింది?"