ఓటింగు రోజు జ్వరం

ఆసుపత్రి వార్డులో తల నెరిసిన మనిషి ఎవరినీ ఒకపట్టాన నమ్మదు. మగవాళ్ళ వార్డు హెడ్ నర్సు సంగతీ అంతే. "మాత్ర వేసుకున్నాను సిస్టర్" అని రోగి అంటే "నాలుక ఎత్తు" అంటుంది. పథ్యం తప్పలేదని ఒట్లు పెట్టుకునేవాడి దిండు కింద చెయ్యి పెట్టి చూస్తుంది, ఏదో ఒకటి దొరుకుతుంది కూడా. ఊరంతా ఆమెను సిస్టర్ అనే పిలుస్తుంది. అక్కా అని పిలిచేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఎమ్మెల్యే.

తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. బడి ఎగ్గొట్టడానికి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని మూలిగిన రోజున చెవి మెలేసి బడిలో దింపి వచ్చిందీ ఆమే. వాడు కాలేజీలో విద్యార్థి నాయకుడయ్యాడు. తర్వాత పార్టీలో చేరి జెండాలు మోశాడు, కుర్చీలు వేశాడు, పెద్దల ప్రసంగాలకు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఎన్నికలొచ్చేసరికి ఇద్దరు సీనియర్లు ఒకే టికెట్టు కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటే, అది ఇద్దరికీ దక్కకుండా వచ్చి వీడి ఒళ్ళో పడింది. గెలిచాడు. మీసం సరిగ్గా దిద్దుకోవడం చేతకాని వయసులోనే శాసనసభలో కూర్చున్నాడు.

అక్క మురిసిపోయింది, కాదనను. అయితే ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. తమ్ముడి చేతికి కొత్త గడియారం వచ్చింది. ఎవరిచ్చారని అడిగితే "ఒక అభిమాని" అన్నాడు. "అభిమానికి పేరుండదా?" అంటే నవ్వి ఊరుకున్నాడు. ఫోను మోగితే చాలు, అన్నం ముందు నుంచి లేచి వరండాలోకి వెళ్ళి గోడతో చెప్పినట్టు గుసగుసలాడటం నేర్చాడు. ఆమె వంటింట్లోంచి చెవులు రిక్కించి వినేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అదే ఆమెకు మరీ కంటగింపుగా ఉండేది.

ఇక జ్వరాల సంగతి. మొదటి జ్వరం అసలైనదే. రోడ్డు కోసం పొలాలు తీసుకునే బిల్లు సభకు వచ్చిన రోజున వాడు టైఫాయిడ్‌తో ఆమె వార్డులోనే పడి ఉన్నాడు. పార్టీ విప్ జారీ చేసిందంటే చెప్పినట్టు చెయ్యెత్తాలి, లేకపోతే పదవి ఊడుతుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణి మాత్రం ఎవరూ తప్పుపట్టరు. పార్టీ తప్పుపట్టలేదు, రైతులూ తిట్టలేదు. ఆ సుఖం వాడు రుచి మరిగినట్టుంది. బస్సు కార్మికుల బిల్లు వచ్చిన రోజున మళ్ళీ దుప్పటి కప్పుకుని వచ్చి మంచమెక్కాడు. ఆమె థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం లేదు, గిరం లేదు. డ్యూటీ డాక్టరు ఎమ్మెల్యే ముందు కాసేపు నీళ్ళు నమిలి సెలైన్ పెట్టమన్నాడు. పెట్టింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. ఊళ్ళో వాడికి జ్వరంబాబు అని పేరు పడింది. టీ కొట్టు దగ్గర ఆమెకు వినబడేలాగే అనేవారు.

తర్వాత ఆమె ఆసుపత్రి వంతే వచ్చింది. ఊళ్ళలోని సర్కారు ఆసుపత్రులను ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పే బిల్లు తయారైంది. తమ్ముడు వార్డు మధ్యలో నిలబడి, రోగులూ ఆయాలూ వింటుండగా, "నేనుండగా దీనిమీద ఎవడూ చెయ్యి వెయ్యలేడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. ఓటింగు రోజున ఏం చేస్తాడో చూద్దాం అనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారేసరికి దుప్పటి కప్పుకుని దగ్గుతూ తమ్ముడు దిగాడు. వెనకాలే నీడలా పార్టీ కార్యదర్శి కూడా వచ్చాడు. ఆమెకు ఒళ్ళు మండింది. తమ్ముణ్ణి మంచం మీద కూర్చోబెట్టి చుట్టూ పరదా లాగింది.

"అక్కా, ఈ ఒక్కసారికి పడుకోనీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఎందుకని మాత్రం అడక్కు."

"ఎందుకో నాకు తెలియదనుకున్నావా?"

వాడు పరదా వైపు ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు. అదిగో దొంగచూపు, అనుకుంది ఆమె. థర్మామీటరు పెట్టి చూసి, వార్డంతా వినబడేలా చెప్పింది.

"జ్వరం లేదు. ఈయనకి ఏ జబ్బూ లేదు. మంచం ఖాళీ చెయ్యమనండి, బయట అసలు రోగులు కాచుకుని ఉన్నారు."

కార్యదర్శి పరదా తప్పించి తల లోపల పెట్టాడు. "అయితే బయల్దేరదామా ఎమ్మెల్యే గారూ? కారు రెడీగా ఉంది," అన్నాడు నవ్వుతూ.

"వెళ్ళి నలుగురి ముందూ కాదని చెప్పు," అంది అక్క. తమ్ముడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి దారిలో పెట్టానన్న తృప్తితో ఆమె మధ్యాహ్నం దాకా ఉషారుగా పనిచేసింది.

మధ్యాహ్నం వార్డులోని టీవీ ముందు అందరూ చేరారు. బిల్లుకు ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమంటే తమ్ముడు ఎత్తాడు. కొత్త గడియారంతో సహా ఆ చెయ్యి స్పష్టంగా కనబడింది. అత్తెసరు మెజారిటీతో బిల్లు గట్టెక్కింది. ఆమె లేచి టీవీ కట్టేసింది.

సాయంత్రం వాడు నర్సుల గదికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"చెప్పేది విను అక్కా. మా పార్టీలోనే అయిదుగురం ఒక మాట అనుకున్నాం. ఇవాళ అయిదుగురం తలో ఊళ్ళో జబ్బుపడాలని. అయిదుగురు తగ్గితే బిల్లు ఓడిపోతుంది."

"నాకు చెప్పి చావొచ్చుగా."

"ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పొద్దని ఒట్టేసుకున్నాం. నీకు చెబుదామంటే ఆ కార్యదర్శి పరదా పక్కనే ఉన్నాడు కదా. నువ్వేమో దండోరా వేశావు."

"సరే, అక్కడైనా కాదని చెప్పొచ్చుగా."

"నేను బయల్దేరానని తెలియగానే మిగతా నలుగురూ ఒకరి వెనక ఒకరు లేచి వచ్చేశారు. ఇంక నేనొక్కణ్ణీ కాదంటే నా పదవి పోవడం తప్ప ఏముంది? భయమేసింది. అదీ నిజమే."

ఆమె వాడి మొహంలోకి తేరిపార చూసింది. కథ బాగానే అల్లుకొచ్చాడు అనుకుంది. అంతలో ఫోను మోగింది. వాడు అలవాటుగా లేవబోయాడు.

"కూర్చో. ఇక్కడే మాట్లాడు, నాకూ వినబడాలి."

వాడు స్పీకరు నొక్కాడు. "ఎంతకి లేచావురా మంచం మీంచి?" అంది అవతలి గొంతు. "నువ్వు అమ్ముడుపోయావని తెలిశాక ఇంక మేమెందుకు పడుకోవాలి? నలుగురి నోట్లో మట్టి కొట్టావు కదరా."

ఆమె వాడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బాబూ, నేను వీడి అక్కని. వీడు పైసా ముట్టలేదు. జ్వరం లేదని చెప్పి మంచం దింపింది నేనే. తప్పంతా నాది."



"అలాగా," అంది ఆ గొంతు, చాలా మర్యాదగా. "మరి మీకెంత ముట్టిందమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే అతను ఫోను పెట్టేశాడు.