నెర్రెల్లో కంకర

ఎండాకాలంలో మా ఇంటి చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చేది. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. మా నాయన మేస్త్రీ. పుదూరు పక్క మా ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన కట్టినవే, మాదీ ఆయనే కట్టాడు. ఏటా చిత్తిరై ఎండల్లో గోడ వారనున్న నెర్రెల్లో కంకర, ఇటుక ముక్కలు కూరి దిమ్మిసతో అణగ్గొట్టేవాడు. తట్టలు మోసింది నేనే.

"నెర్రె మూసేస్తే సువరు కదల్దు మ్మా" అనేవాడు, గోడను అరచేత్తో తడుతూ.

తర్వాత కోవిల్‌పట్టిలో సివిల్ ఇంజినీరింగ్ చదివాను. ల్యాబ్‌లో మా ఊరి మట్టినే పొడి చేసి రెండు గాజు గొట్టాల్లో పోశాం. ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో నీళ్ళు. మర్నాటికి కిరోసిన్‌లో మట్టి ఉన్నట్టే ఉంది. నీళ్ళలోది దాదాపు రెట్టింపైంది. వానకు ఉబ్బే మట్టికి ఆ నెర్రెలే చోటు. ఆ చోటంతా మేం కంకరతో నింపేశాం. ఇక ఉబ్బితే అది గోడనే నెడుతుంది.

చెప్పేద్దామనే ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నలుగురు కూర్చుని కొత్త ఇంటికి నాయన సలహా అడుగుతున్నారు. వాళ్ళ ముందు ఆయన తల దించుకోవాల్సి వస్తుందని చెప్పకుండానే తిరిగి వెళ్ళాను. పిరికిదాన్ని. చదువయ్యాక చెబుదాంలే అనుకున్నాను. చదువైంది, విరుదునగర్‌లో మట్టి పరీక్షల ఆఫీసులో చేరాను. పునాది పక్క నెర్రెల్లో రాళ్ళు కూరొద్దని ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ రాసిచ్చాను. మా ఇంట్లో మాత్రం చెప్పలేదు.

ఆ ఏడు వానలు పడే ఐప్పసి నెలలో నాలుగు రోజులు తెరిపి లేని వాన. అగ్గిపెట్టెల కంపెనీలో పని ముగించుకుని వచ్చి అమ్మ పొయ్యి ముందు కూర్చుంది. వంటింటి గోడ లోపలికి ఒరిగి ఆమె మీద పడింది. ఆస్పత్రికి చేరకముందే పోయింది.

మూడో రోజు నాయన నన్ను పిలిచాడు. అప్పటిదాకా ఆయన మెతుకు ముట్టలేదు.

"నష్టం సూసేదానికొచ్చిన ఇంజినీరు, కంకర కూరిందే తప్పంటాడు. నీ సదువులో అట్ల ఉండాదా మ్మా? నీకు ముందే తెల్సా?"

"లేదు నాయనా. నాకు తెలీదు."

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"అంత సదివిన నీకే తెలీకుంటే, నాకెట్ల తెలుస్తాది" అని, అన్నం పెట్టమన్నాడు.

పెట్టాను. నా మీద నాకే అసహ్యమేసింది. ఆయన తల వంచుకుని తిన్నాడు.